హెండ్రికా ఒడ్డెక్కిన వేసవి

ఆ దెబ్బ తగిలినప్పుడు చుక్కాని నా చేతిలోనే ఉంది.

జులై రెండో వారం. ఎగువన జర్మనీలో మూడు నెలలుగా వాన లేదు, మా దగ్గరా లేదు. వాల్ నది ఎంత తగ్గిపోయిందంటే, ఎప్పుడూ నీళ్ల కింద ఉండే రాతి గట్లు రెండు పక్కలా పళ్లు బయటపెట్టినట్టు తేలి కనిపిస్తున్నాయి. మా హెండ్రికా ఎనభై మీటర్ల సరుకు పడవ. మామూలుగా వెయ్యి టన్నులు మోసేది, ఆ వారం నాలుగు వందల టన్నుల పశువుల దాణాతో, కడుపు బిగబట్టుకున్న మనిషిలా మెల్లగా ఎగువకు పోతోంది.

చిన్నది మీస్ నా పక్కనే ఎత్తు స్టూలు మీద కూర్చుని బొమ్మ వేసుకుంటోంది. ఇంకో రెండు నెలలకి దానికి ఏడు నిండుతాయి.

"అమ్మా, హాస్టల్లో నాకు పై మంచం ఇస్తారా, కింద మంచం ఇస్తారా?" అని అడిగింది.

నేను దాని వైపు తిరిగాను. ఎంతోసేపు కాదు. "అక్కనడుగు" అనేంతసేపు. పడవ వెనక భాగం ఒక్కసారి ఎగిరి పడినట్టయింది. కింద ఇనుము రాయిని కొరికిన చప్పుడు, గూట్లో కాఫీ కప్పులు ఒకదాన్నొకటి కొట్టుకున్న చప్పుడు. ఇంజను ఆపేశాను. ఆ తర్వాత మీస్ పెన్సిలు దొర్లుకుంటూ పోయి తలుపు దగ్గర ఆగడం కూడా వినిపించింది.

మా ఆయన బారెండ్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. ముందు మీస్‌ని చూశాడు, తర్వాత నన్ను, ఆ తర్వాత నదిని.

"నేను అటు తిరిగాను" అన్నాను.

"కంకర మేట కూడా ఇటు తిరిగినట్టుంది. పోయిన వారం అది ఇక్కడ లేదు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా తిరిగారు."

అతను ఎప్పుడూ అంతే, తిట్టడు. తిడితే బాగుండునని నాకు అనిపించిన రోజు అదొక్కటే.

మరో పడవ మమ్మల్ని లాక్కుని పోయి టీల్ దగ్గర ఒక మరమ్మతు యార్డులో దిగబెట్టింది. అక్కడి మేస్త్రీ స్టోఫెల్ నీళ్లలోకి వంగి చూసి, ప్రొపెల్లరు రెక్కలు నాలుగింట్లో మూడు పోయాయన్నాడు. కొత్తది పోతపోయించాలి. ముందు పదకొండు పడవలున్నాయి, అన్నిటికీ ఇదే జబ్బు.

"ఆరు వారాలు. పడవ ఒడ్డెక్కాక లోపల ఉండటానికి లేదమ్మా. నీళ్లుండవు, కరెంటుండదు. ఎక్కడన్నా చుట్టాలున్నారా?"

ఉన్నారు. బారెండ్ మేనత్త కోబా అక్కడికి మూడు మైళ్లలో, కరకట్ట కింద ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. బారెండ్ పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే. వాళ్ల నాన్న ఆ ఊరి రొట్టెల దుకాణం నడిపేవాడు. దుకాణం మూతపడి పద్దెనిమిదేళ్లయింది గానీ వెనక వసారాలో బట్టీ మాత్రం అలాగే ఉంది.

మేము ఐదుగురం సంచులతో గుమ్మంలో నిలబడితే కోబా అత్త తలుపు పూర్తిగా తెరవకుండానే బారెండ్‌ని పైనుంచి కిందికి చూసింది.

"పదిహేనేళ్ల కిందట ఒక పడవ పిల్ల వెంట నీళ్లలోకి పోయావు. ఇప్పుడు నది నిన్ను తెచ్చి ఇచ్చేసిందేమిట్రా?"

"అద్దెకిచ్చింది అత్తా. ఆరు వారాలకి."

"చెప్పులు బయట విప్పండి" అంది కోబా అత్త. రమ్మనడం ఆమెకు అలాగే వచ్చు.

*

పడవలో పుట్టిన పిల్లలకు ఏడేళ్లు నిండేదాకా చదువు పడవలోనే. కంప్యూటరులో టీచరమ్మ కనిపిస్తుంది, మిగిలింది అమ్మ చెప్పాలి. ఏడు నిండాక హాస్టలుకు పోవాలి. మా పెద్దది ఫెన్నాకి అప్పుడు పన్నెండు, యోరిస్‌కి పది. ఇద్దరూ పడవ పిల్లల హాస్టల్లోనే ఉండి బడికి పోయేవాళ్లు. శుక్రవారం మధ్యాహ్నం మేం ఏ ఊళ్లో ఉంటే ఆ రేవులో పడవ మీది కారును క్రేనుతో దింపుకుని, వెళ్లి వాళ్లను తెచ్చుకునేవాళ్లం. ఆదివారం సాయంత్రం మళ్లీ దిగబెట్టేవాళ్లం. నేనూ అలాగే పెరిగాను. మా అమ్మా అలాగే పెరిగింది. ఇందులో ఏడవడానికేముందని అనుకునేదాన్ని, మొదటిసారి ఫెన్నాను దిగబెట్టి వచ్చేదాకా.

ఇప్పుడు మీస్ వంతు. మంచం కూడా రాసి పెట్టుకున్నారు.

ప్రొపెల్లరు విరిగిన మూడో రోజున బారెండ్‌తో చెప్పేశాను. పెరట్లో ఉతికిన దుప్పట్లు ఆరేస్తున్నాం.

"సెప్టెంబరు నుంచి నేను ఒడ్డున ఉండిపోతాను. మీస్‌ని పంపను. ఆ ఇద్దరినీ కూడా తెచ్చుకుందాం. నువ్వొక కళాసీని పెట్టుకుని పడవ నడుపుకో."

"నేనా?"

"ఇంకెవరు? పడవనీ పిల్లనీ ఒకేసారి చూడటం నా వల్ల కాదని తేలిపోయిందిగా."

దుప్పటి అవతల అతని మొహం కనిపించలేదు. "ఊఁ" అన్నాడు. ఇంకో క్లిప్పు పెట్టి, "ఆలోచిద్దాం. ఆరు వారాలున్నాయిగా" అన్నాడు.

నేను ఆలోచించేది లేదనుకున్నాను. ఒడ్డు తల్లిగా ఉండటం ఎలాగో ఆ ఆరు వారాల్లో నేర్చేసుకోవాలనుకున్నాను.

అది నేననుకున్నంత సులువు కాదు. పడవలో మా ఇల్లంతా కలిపి రెండు గదులంత. ఎవరు తుమ్మినా ఎవరు అలిగినా అందరికీ తెలుస్తుంది. కోబా అత్త ఇంట్లో పదకొండు తలుపులున్నాయి. పొద్దున రొట్టె మీద చాక్లెట్ రవ్వ చల్లుకుని తిని పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో తలుపులోంచి మాయమయ్యేవాళ్లు. యోరిస్ చర్చి వెనక మైదానంలో బంతాటకు. ఫెన్నా సైకిలు మీద ఇసుక తవ్విన చెరువులో ఈతకు. నేను వంటగదిలో నిలబడి పేర్లు పెట్టి పిలిస్తే గోడ గడియారం ఒక్కటే పలికేది.

"అమ్మాయ్, ఇల్లు నిన్నేం కరవదు, కూర్చో" అనేది కోబా అత్త. "పిల్లలు బయటికి పోయేది తిరిగి రావడానికే. పడవ కాదు ఇది, నీళ్లలో పడరు."

కూర్చునేదాన్ని. ఐదు నిమిషాలకి చేతులు దురద పెట్టేవి. తొమ్మిదింటికల్లా సైకిలు తీసి యార్డుకు పోయేదాన్ని. హెండ్రికా నేల మీద దిమ్మల పైన నిలబడి, పొట్టంతా బయటపెట్టి, ఎండలో సిగ్గుపడుతున్నట్టుండేది. నేను గీకుడు కత్తితో దాని అడుగున పేరుకున్న నాచు, గవ్వలు గీకి, తుప్పు దులిపి రంగు వేసేదాన్ని. సెలవుల్లో పిల్లలతో గడపాలని ఏడాది పొడుగునా కలవరించే తల్లిని, తీరా సెలవులొస్తే పడవ కింద పడుకుని రంగు వేస్తున్నాను. మధ్యాహ్నం ఇంటికి వచ్చేటప్పుడు సిగ్గేసేది. జుట్టులో ఎర్ర రంగు చుక్కలు పోగొట్టుకోవడానికి పెరట్లో కుళాయి కింద తల పెట్టేదాన్ని.

ఈలోపు బారెండ్ బట్టీ తలుపు తెరిచాడు.

మొదట ఊరికే శుభ్రం చేద్దామన్నాడు. రెండు రోజులు మసి దులిపాడు. మూడో రోజు నిప్పు వేసి చూద్దామన్నాడు. నాలుగో రోజు పొద్దున నేను లేచి కిందికి వచ్చేసరికి మీస్ స్టూలెక్కి మోచేతుల దాకా పిండిలో ఉంది. బల్ల మీద పన్నెండు కిస్మిస్ రొట్టెలు వరసగా చల్లారుతున్నాయి. బారెండ్ చొక్కా చేతులు పైకి మడిచి, ఒక రొట్టెను తిరగేసి, వేలితో దాని అడుగు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు.

"ఏమంటోంది?" అన్నాను.

"ఇంకో ఐదు నిమిషాలు అంటోంది" అంది మీస్, వాళ్ల నాన్న బదులు.

అతను ఈలపాట పాడుతున్నాడని నాకు ఆలస్యంగా తట్టింది. పడవలో బారెండ్ ఈల వేయడం నేనెప్పుడూ వినలేదు. ఇంజను చప్పుడుకు వినపడలేదేమో అనుకున్నాను అప్పుడు.

పన్నెండు రొట్టెలు మేం తినలేం కదా. పక్కింటివాళ్లకు రెండు ఇచ్చాం. మర్నాడు పక్కింటివాళ్ల పక్కింటివాళ్లు వచ్చారు. వారం తిరిగేసరికి ఏడింటికే పెరటి గోడ దగ్గర నలుగురు సైకిళ్లు ఆపుకుని నిలబడటం మొదలైంది. వాళ్లకు రొట్టెలు అందించడం మీస్ పని. ఎవరికి కుక్క ఉందో, ఎవరికి మోకాళ్ల నొప్పో, నది మీద పుట్టిన పిల్ల వారంలో ఆ ఊరంతా నేర్చేసుకుంది.

*

ఆగస్టు మొదటి ఆదివారం అందరం నదిలోకి నడిచి వెళ్లాం. నిజంగానే నదిలోకి. నీళ్లు ఇంకా తగ్గి, రెండు రాతి గట్ల మధ్య ఇసుక తిన్నె బయటపడింది. ఎండకు తెల్లగా, వెడల్పుగా. ఊరంతా దుప్పట్లు పరుచుకుని అక్కడే ఉంది. కోబా అత్త కూడా మడత కుర్చీ మోయించుకుని వచ్చింది. బారెండ్ బుట్టలో ఉల్లి రొట్టెలు, జున్ను, చల్లటి మజ్జిగ.

పదిహేనేళ్లుగా ఆ చోటి మీదుగా వందలసార్లు పోయాను. ఆ నేల మీద కాలు పెట్టడం అదే మొదలు. చెప్పులు విప్పి నిలబడితే అరికాళ్ల కింద ఇసుక అలలు అలలుగా గట్టిగా తగిలింది.

"అమ్మా, పడవలు ఎక్కణ్ణించి పోవాలో నీకెలా తెలుస్తుంది? అన్నీ ఒకేలాంటి నీళ్లేగా" అన్నాడు యోరిస్.

"ఒకేలాంటివి కావు. అదిగో చూడు, అక్కడ నీళ్లు చిన్న ముడతలు పడుతున్నాయా? కింద మేట ఉంది. ఇవతల నున్నగా, నూనె పోసినట్టుంది చూశావా? అది లోతు. వంపు తిరిగేచోట లోతు ఎప్పుడూ బయటి ఒడ్డు వైపే ఉంటుంది. లోపలి ఒడ్డున మేట వేస్తుంది, నెమ్మదిగా, మనకి చెప్పకుండా."

ఒక పుల్ల తీసుకుని ఇసుకలో నదిని గీశాను. ఇక్కడ వంపు, ఇక్కడ వంతెన, ఇక్కడ ఎదురు పడవ వస్తే ఎవరు ఆగాలి. మా నాన్న నాకు చెప్పినవే. నా పదహారో ఏట ఆయన చుక్కాని నా చేతికిచ్చి, తను కాఫీ కప్పు పట్టుకుని వెనక్కి తిరిగి కూర్చున్నాడు, నేను భయపడుతున్నానని తెలిసీ. అదీ చెప్పాను. ఫెన్నా ఎప్పుడు వచ్చి కూర్చుందో, మరో నలుగురు ఊరి పిల్లలు ఎప్పుడు చేరారో చూసుకోలేదు. మీస్ నది గీత పక్కన చిన్న గవ్వలు పేర్చి, "ఇది హెండ్రికా, ఇది మేట, ఇదిగో ఇక్కడ నేను అమ్మని పిలిచాను" అంది.

అందరూ నా వైపు చూశారు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతానని నేననుకోలేదు.

"అవును, అక్కడే. నువ్వు పిలిచావు, నేను పలికాను. ఇంకోసారి పిలిస్తే ఇంజను నెమ్మది చేసి పలుకుతాను" అన్నాను.

బారెండ్ రొట్టె కోస్తూ కత్తి ఆపి నన్నే చూస్తున్నాడు. ఏమిటన్నట్టు తల ఎగరేశాను. ఏం లేదన్నట్టు మళ్లీ కోయడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఐదుగురం తడి బట్టలతో, కాళ్లకు ఇసుకతో కరకట్ట ఎక్కి ఇంటికి వస్తుంటే, ముందు పిల్లల నీడలు పొడుగ్గా, వెనక మా నీడలు, ఇంతకంటే నాకేం కావాలి అనిపించింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మళ్లీ సైకిలు తీశాను. ఈసారి అంత సిగ్గేయలేదు.

*

రేగుపళ్లంత ఎర్ర ప్లమ్ పళ్లు కోబా అత్త పెరట్లో రాలడం మొదలైంది ఆ వారమే. జామ్ చేయడం నేర్పుతానంది. ఒడ్డు తల్లికి జామ్ రాకపోతే ఎలా? పెద్ద గిన్నె నిండా పళ్లు, చక్కెర వేసి పొయ్యి మీద పెట్టింది.

"కలుపుతూనే ఉండాలి. చేయి ఆపావో అడుగంటుతుంది" అని చెప్పి తను కోళ్లకు గింజలు వేయడానికి పోయింది.

కలుపుతూనే ఉన్నాను. అప్పుడు కరకట్ట అవతల ఒక పడవ కూత వేసింది. రెండు పొట్టి కూతలు. ఎదురు వచ్చేవాళ్లకి, ఎడమకు తిరుగుతున్నానని చెప్పడం. ఆ వంపులో, అంత తక్కువ నీళ్లలో ఎడమకు ఎవరు తిరుగుతారు? చూసి వద్దామని కరకట్ట ఎక్కాను. బెల్జియం పడవ ఒకటి. సరంగు మంచి పనివాడు. బల్ల మీది చెంచా తీసినంత సుతారంగా మేట పక్కనుంచి తప్పించుకుపోయాడు. అతను వంపు దాటేదాకా చూశాను.

తిరిగి వచ్చేసరికి వంటగదిలో నల్లటి పొగ. కోబా అత్త గిన్నెను పెరట్లోకి ఈడుస్తోంది. పిల్లలు ముగ్గురూ, ఏ తలుపులోంచి వచ్చారో, ముక్కులు మూసుకుని నిలబడి ఉన్నారు.

"అమ్మ పడవ చూడ్డానికి పోయింది" అని మీస్ వాళ్ల నాన్నకు నివేదించింది.

"బాగా నడిపాడా?" అని అడిగాడు బారెండ్.

"బాగా నడిపాడు."

"మరింకేం."

కోబా అత్త గిన్నె అడుగు గరిటతో కొట్టి చూసింది. "మా అమ్మ గిన్నె ఇది. రెండు యుద్ధాలు తట్టుకుంది. నిన్ను తట్టుకోలేకపోయింది" అంది. అని తనే ముందు నవ్వింది.

ఆ మధ్యాహ్నం ఫెన్నా, నేనూ పెరటి అరుగు మీద కూర్చుని రాత్రి కూరకు బీన్స్ ఈనెలు తీస్తున్నాం. సెప్టెంబరులో తను హైస్కూలుకు వెళ్లాలి.

"హాస్టలు మానేసి ఇక్కడ ఉందాం, అందరం. నేనూ ఒడ్డునే ఉంటాను" అని చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

ఫెన్నా ఇంకో రెండు బీన్స్ ఈనెలు తీసింది.

"నా గదిలో వాళ్లు నలుగురూ అదే హైస్కూలుకు వస్తున్నారమ్మా. నేనూ ఇంకో ఏడాది అక్కడే ఉంటాను. శని ఆదివారాలు వస్తాగా."

"అక్కడ నీకు బెంగ ఉండదా?"

"మొదట్లో ఉండేది. తర్వాత ఫోన్లో పడవలు కనిపించే యాప్ పెట్టుకున్నా. పొద్దున లేవగానే హెండ్రికా ఎక్కడుందో చూస్తా. కొలోన్‌లో ఉందనుకో, ఇప్పుడు అమ్మ ఆ పెద్ద వంతెన కింద నుంచి పోతోంది, చేతిలో రెండో కాఫీ, అనుకుంటా. అప్పుడు బాగుంటుంది." బీన్స్ గిన్నెలో పడేసి నా మొహం చూసింది. "నువ్వు ఒడ్డునే ఉంటే బాగానే ఉంటుంది. కానీ నాన్న ఒక్కడే నడిపితే ఫోన్లో పడవ గీసే గీత ఎన్ని వంకరలు పోతుందో చూడాలి మరి."

"ఏయ్, నాన్నకి వినపడుతుంది."

"వినపడింది" అని బట్టీ గదిలోంచి అన్నాడు బారెండ్. గొంతులో కోపం లేదు.

*

ఆగస్టు ఇరవై దాటాక ఎగువన వానలు పడ్డాయి. రోజూ పొద్దున రేడియోలో నీటి మట్టం చెప్పేవారు. రెండడుగులు, మూడడుగులు. ఇసుక తిన్నె సన్నబడి, గీతయి, ఒక రోజు లేదు. స్టోఫెల్ ఫోను చేశాడు. ప్రొపెల్లరు బిగించాం, గురువారం నీళ్లలోకి దించుతున్నాం, రండి.

బుధవారం మధ్యాహ్నం బారెండ్ నాతో యార్డుకు వచ్చాడు. కొత్త ప్రొపెల్లరు ఇత్తడి రంగులో మెరుస్తోంది. దాని పక్కన అరవై దాటిన ఒక పెద్దమనిషి టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఈయన వీబె. నలభై ఏళ్లు పడవల మీద చేసి రెండేళ్ల కిందట మానేశాడు. మన రొట్టెలకు రోజూ వస్తాడు" అన్నాడు బారెండ్. "నీకు కళాసీని చూశాను."

"నాకు, అనబోయావా?"

"లేదు. నీకు."

వీబె గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ రెండేళ్లుగా నన్నెవరైనా పట్టుకుపోతే బాగుండునని చూస్తోందమ్మా" అని చెప్పి, మర్యాదగా పది గజాల దూరం పోయి, ఏదో మోకు ముడి చూస్తూ నిలబడ్డాడు.

నేను ప్రొపెల్లరు రెక్క మీద చేయి వేశాను. చల్లగా ఉంది.

"నేను ఒడ్డువాణ్ణి రూలీ" అన్నాడు బారెండ్. "పదిహేనేళ్లు నీ పడవలో చుట్టంలా ఉన్నాను. నువ్వు బాగానే చూసుకున్నావు. కానీ ఆ రోజు ఇసుకలో నువ్వు పిల్లలకి నది చెప్తుంటే విన్నాను. నాకు పదేళ్లు చెప్పినా అది ఎక్కలేదు. ఎక్కదు. రొట్టె ఎప్పుడు కాలిందో చెప్పమను, చెప్తాను."

"అంటే పిల్లలు నీ దగ్గరా, నేను నీళ్ల మీదా?"

"ఇప్పటిదాకా ఎవరి దగ్గరున్నారు? వార్డెన్ దగ్గర."

నాకు కోపం వచ్చింది. నేను వదులుకుంటానన్న పడవను అతను వద్దంటున్నాడు. నేను పుచ్చుకుంటానన్న ఇంటిని అతను అప్పటికే పుచ్చుకున్నాడు. ఎవరి మీద కోపమో చెప్పుకోవడానికి లేదు.

"తల్లిని నేను" అన్నాను.

"ఎవరు కాదన్నారు?"

ఆ రోజు ఇంటికి సైకిళ్ల మీద వచ్చాం. కరకట్ట మీద గాలి ఎదురుగా వీస్తోంది. సగం దూరం వచ్చాక బారెండ్ సైకిలు ముందుకు పోనిచ్చి నాకు గాలి అడ్డుగా తొక్కాడు. నేను అతని వీపు చూస్తూ వచ్చాను. చొక్కా మీద పిండి మరక ఉంది. అతను ఎంతకాలంగా ఈ మాట దాచుకున్నాడో, నేను అడక్కపోవడం వల్ల ఎన్నాళ్లు ఈల వేయలేదో, ఆ మరక చూస్తూ లెక్క వేయబోయి మానేశాను.

భోజనాల దగ్గర పిల్లలకు నేనే చెప్పాను.

"అయితే రోజూ కిస్మిస్ రొట్టేనా?" అన్నాడు యోరిస్.

"తల్లి నీళ్ల మీద, తండ్రి పొయ్యి దగ్గర. మా అన్న వింటే ఏమనేవాడో" అంది కోబా అత్త. బంగాళదుంపల గిన్నె బారెండ్ వైపు జరిపింది. "ఏమనేవాడు, బట్టీ చల్లారకూడదు అనేవాడు. తిను."

మీస్ చెంచా కింద పెట్టింది. "నువ్వు ఎప్పుడొస్తావు?"

"శుక్రవారం."

"అన్ని శుక్రవారాలా?"

అబద్ధం చెప్పలేను. నది సంగతి దానికీ తెలుసు. "చాలా శుక్రవారాలు. రాలేనప్పుడు ముందే చెప్తాను. ఇంక బాసెల్ దాకా పోను. రాటర్‌డామ్ నుంచి నైమేఖెన్ దాకా, అంతే. వారానికి రెండుసార్లు ఈ ఊరి ముందు నుంచే పోతాను."

మీస్ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "అయితే నాకు హాస్టల్లో మంచం వద్దని చెప్పేయండి" అంది. అంతే, మళ్లీ చెంచా తీసుకుంది.

ఆ మాటతో నాకు గుండెల్లో బరువు దిగుతుందనుకున్నాను. సగం దిగింది. మిగతా సగం సోమవారం పొద్దున రేవు వదిలేటప్పుడు దిగింది. కాదు, ఇంకాస్త ఎక్కి అప్పుడు దిగింది. వీబె మోకులు విప్పాడు. కరకట్ట మీద ఐదుగురూ నిలబడ్డారు, కోబా అత్త మడత కుర్చీతో సహా. కొత్త ప్రొపెల్లరు నీళ్లను పట్టుకున్న తీరు చేతులకు తెలిసింది. వంపు దగ్గర మేట ఎక్కడుందో చూడాలి కాబట్టి వాళ్ల వైపు ఎక్కువసేపు చూడలేదు. వంపు దాటాక చూద్దామంటే, అప్పటికి చెట్లు అడ్డమొచ్చాయి. నేను ఏడవడం చూసి వీబె, కాఫీ కాచి తెస్తానని కిందికి పోయాడు. కాఫీకి అరగంట పట్టించాడు. మంచి మనిషి.

*

మొదటి వారం ఇంటికి రాలేకపోయాను. రాటర్‌డామ్ రేవులో సరుకు ఎక్కించడం ఆలస్యమైంది. ఫోన్లో మీస్ ఏడవలేదు. కొత్త బడిలో తన బల్ల కిటికీ పక్కనని చెప్పి, నాన్నకు ఫోనిచ్చేసింది. ఆ శని ఆదివారాలు నాకు ఎంత పొడుగ్గా గడిచాయో చెప్పలేను.

రెండో శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు ఊరి చిన్న రేవులో పడవ కట్టాం. చినుకులు పడుతున్నాయి. వీబె వాళ్లింటికి పోయాడు, నేను కరకట్ట దిగి మా ఇంటికి. పరిగెత్తుకుంటూ ఎదురొస్తారని దారంతా చూశాను. ఎవరూ రాలేదు. వెనక తలుపుకు తాళం లేదు. తోసుకుని లోపలికి వెళ్లి, చీకటి వసారాలో బూట్లు విప్పడానికి గోడకానుకుని నిలబడ్డాను.

వంటగదిలో దీపం వెలుగుతోంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"నేను నిన్న తోమాను."

"నిన్న గిన్నెలు మూడే ఉన్నాయి, అది లెక్కలోకి రాదు."

"ఫెన్నా వారమంతా లేదు కాబట్టి ఫెన్నా తోమాలి."

"నేనిప్పుడే బస్సు దిగి వచ్చాను."

"మీరిలా కొట్టుకుంటుంటే బఠాణీ పులుసు చల్లారిపోతోంది. ఒరేయ్ బారెండ్, వీళ్లకేమన్నా చెప్పు."

"చెప్తున్నా అత్తా, ఒక్క నిమిషం, ఇది దించనీ."

ఒక బూటు విప్పి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లోపలికి పోతే ఆ గొడవ ఆగిపోతుంది, అమ్మ వచ్చిందని లేస్తారు, మాటలు మారిపోతాయి. ఇంకొంచెంసేపు అది అలాగే సాగాలని నా కోరిక. మీస్ గొంతు, యోరిస్ గొంతు, బెంచీ జరిపిన చప్పుడు, ఎవరో చెంచా పడేసుకున్న చప్పుడు. రెండు వారాలుగా నేను నది మీద తిరుగుతుంటే ఇక్కడ ఇది రోజూ జరుగుతూ ఉంది. ఈ ఇల్లు నా కోసం ఆగలేదు, నన్ను మరిచిపోనూ లేదు. నా ఒళ్లంతా వెచ్చబడింది.

రెండో బూటు విప్పుతుంటే చేయి జారి నేల మీద పడింది. లోపల గొడవ ఆగింది.

"రూలీ, నువ్వేనా?" అని పిలిచాడు బారెండ్.

"నేనే."

"తలుపు గట్టిగా వేసి రా అమ్మా, చలి వస్తోంది" అంది మీస్, కూర్చున్నచోటి నుంచి లేవకుండానే.

"గోడ మీద కాయితం చూసుకో" అన్నాడు బారెండ్. "పోయిన వారం నీ వంతు ఫెన్నా చేసింది. ఇవాళ గిన్నెలు నువ్వే తోమాలి."

తలుపు గట్టిగా వేశాను. మేకుకు తగిలించిన కాయితం దగ్గరికి పోయి చూశాను. పైన ఐదు పేర్లు, మీస్ వంకర రాతలో. నాలుగో పేరు అమ్మ.

చేతులు కడుక్కుని వెళ్లి బెంచీ చివర కూర్చున్నాను. యోరిస్ కాస్త జరిగి చోటిచ్చాడు.